ఫ్యూయల్ ప్రెషర్ గేజ్‌కు సరైన ఫిట్టింగ్ ఏది, హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీది 2005 నాటి మారుతి ఎస్టీమ్, పెట్రోలు, ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు పిచికారీ చేసే రకం). ఉదయం పూట సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ ఇంజన్ అందుకోవడం లేదు. కూకట్‌పల్లి నుంచి వెళ్తూ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ పడిపోతోంది. పెట్రోలు ప్రెషర్ చూద్దామని 0–100 పీఎస్ఐ గేజ్ ఆన్‌లైన్‌లో తెప్పించారు. దాని కాడ మీద 1/8 ఎన్‌పీటీ అని ఉంది. రాణీగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగితే ఒకాయన ఇత్తడి టీ (మూడు దారుల జాయింటు) ఒకటి ఇచ్చి ‘ఇది పడుతుంది’ అన్నారు. గేజ్ అందులో రెండున్నర చుట్లు తిరిగి బిగిసిపోయింది. టెఫ్లాన్ టేపు చుట్టి ఇంకాస్త బిగించవచ్చా, గేజ్‌ను డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోవచ్చా అన్నవి మీ రెండు సందేహాలు.

ఆ టీని వాడకండి. టేపు చుట్టి బిగించకండి. పెట్రోలు గొట్టాన్ని కారు లోపలికి తీసుకురాకండి. మీకు కావలసింది రెండు వైపులా 8 మి.మీ. రబ్బరు గొట్టం ఎక్కే కాడలు, మధ్యలో గేజ్ మరకు సరిగ్గా సరిపోయే రంధ్రం ఉన్న ఇత్తడి లేదా స్టీలు టీ. ఇంజన్ దగ్గర ఇనుప పైపును రెయిలుతో (ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే పైపుతో) కలిపే రబ్బరు గొట్టం క్లిప్పులతో బిగించి ఉందని మీరే రాశారు. టీ వేయవలసింది అక్కడే. పైగా, మీరు చెప్పిన లక్షణాలకు గేజ్ శాశ్వతంగా ఉండాల్సిన అవసరం లేదు. రెండు రోజులు పెట్టి చూసి తీసేయడం మేలు.

ఇప్పుడు ఆ రెండున్నర చుట్ల సంగతి. గ్యారేజీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. పెట్రోలు లీకులతో నా దగ్గరకు వచ్చిన గేజ్‌లలో ఎక్కువ భాగం ఈ ఒక్క పొరపాటువే.

మన దగ్గర హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే పైపు సామాను అంతా దాదాపు బ్రిటిష్ పద్ధతి, అంటే బీఎస్‌పీ మర. దుకాణదారులు దాన్నే ‘గ్యాస్ చూడీ’ అంటారు. ఆన్‌లైన్‌లో వచ్చే కారు గేజ్‌లు అమెరికా పద్ధతి, అంటే ఎన్‌పీటీ. కారు మీద ఉన్న బోల్టులు మెట్రిక్. ఈ మూడూ దాదాపు 10 మి.మీ. దగ్గరే ఉంటాయి కాబట్టి కంటికి ఒకే మరలా కనిపిస్తాయి. 1/8 బీఎస్‌పీ బయటి వ్యాసం 9.73 మి.మీ., అంగుళానికి 28 మరలు. 1/8 ఎన్‌పీటీ పైపు వ్యాసం సుమారు 10.3 మి.మీ., అంగుళానికి 27 మరలు, కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఎం10×1 మెట్రిక్ అయితే వ్యాసం 10 మి.మీ. కంటే వెంట్రుకవాసి తక్కువ, ఒక్కో మరకు ఒక మిల్లీమీటరు. వీటిలో ఏ రెంటినైనా కలిపి తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా వెళ్తాయి, ఆ తరువాత పట్టేస్తాయి. చేతికి అది బిగిసినట్టు అనిపిస్తుంది. నిజానికి మరలు ఒకదానినొకటి నలిపేస్తూ ఉంటాయి. మరల కోణం కూడా వేరు: బీఎస్‌పీది 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. టేపు చుడితే ఆ ఖాళీ కొంతకాలం మూసుకుపోతుంది, ఇంజన్ వేడికీ వణుకుకీ మళ్లీ తెరుచుకుంటుంది. నీళ్ల పైపులో అలా జరిగితే చుక్కలు పడతాయి. మీ దగ్గర ఆ చుక్కలు పడేది వేడెక్కిన సైలెన్సర్ పైపు పక్కన.

తేడా పట్టడానికి 150, 200 రూపాయల ప్లాస్టిక్ వెర్నియర్ చాలు. పది మరల పొడవు కొలవండి. బీఎస్‌పీ అయితే 9.1 మి.మీ., ఎన్‌పీటీ అయితే 9.4, ఎం10×1 అయితే సరిగ్గా 10. కాడ పొట్టిదై పది మరలు లేకపోతే ఐదింటిని కొలిచి రెట్టింపు చేయండి. ఇంత సూక్ష్మమైన కొలత కుదరడం లేదనిపిస్తే మరలను పోల్చి చూసే థ్రెడ్ గేజ్ ఆకుల కట్ట ఒకటి కొనండి. నా పెట్టెలో స్పానర్లకంటే అది పైన ఉంటుంది.

ఇంకో మాట: రాణీగంజ్‌లో సైజు అడిగేటప్పుడు ‘ఒక సూతు’ అంటే 1/8 అంగుళం, ‘రెండు సూతులు’ అంటే పావు అంగుళం. సూతు అన్నది సైజును మాత్రమే చెబుతుంది, మర జాతిని చెప్పదు. ‘ఒక సూతు టీ’ అని అడిగితే వాళ్లు బీఎస్‌పీ ఇవ్వడం వాళ్ల తప్పు కాదు. ‘ఒక సూతు, ఎన్‌పీటీ’ అని రెండు మాటలూ చెప్పండి, గేజ్‌ను చేతిలో పట్టుకుని వెళ్లండి, దుకాణంలోనే వేళ్లతో తిప్పి చూడండి. సరైన జత అయితే వేళ్లతోనే మూడు నాలుగు చుట్లు మెల్లగా బిగుస్తూ వెళ్లి, తరువాత స్పానరుతో ఒకటిన్నర, రెండు చుట్లు తిరుగుతుంది. వేళ్ల దగ్గర ఒక్కసారిగా గోడకు తగిలినట్టు ఆగిపోతే అది దాని జత కాదు.

మరి ఎక్కడ దొరుకుతుంది? మూడు దారులు చెబుతాను. నేను మొదటిదే ఎంచుకుంటాను.

గేజ్‌నే మార్చేయండి. ఫిట్టింగ్ కోసం రోజంతా తిరగడం కంటే ఇది తేలిక. రాణీగంజ్‌లో ప్రెషర్ గేజ్‌లు అమ్మే దుకాణాల్లో మన దేశంలో తయారైన, పావు అంగుళం బీఎస్‌పీ కాడ ఉన్న 0–7 కిలోల గేజ్ దొరుకుతుంది. డయల్ మీద కిలోలు, పీఎస్ఐ రెండూ ఉంటాయి. ఇక్కడ ఒక కిలో అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి, 14.2 పీఎస్ఐ, ఒక బార్ అంటే 14.5. మన పనికి రెండూ ఒకటే అనుకున్నా నష్టం లేదు. గేజ్ బీఎస్‌పీ అయితే టీ, నిపుల్, రిడ్యూసర్ అన్నీ అదే వీధిలో ఒకే జాతివి దొరుకుతాయి. ఆన్‌లైన్ గేజ్‌ను తిప్పి పంపే వీలుంటే పంపేయండి.

ఆ గేజ్‌నే వాడాలనుకుంటే ఫ్రిజ్, ఏసీ స్పేర్ పార్టులు అమ్మే దుకాణాలకు వెళ్లండి. వాళ్ల గేజ్‌లకు ఎక్కువగా 1/8 ఎన్‌పీటీ మరే ఉంటుంది కాబట్టి ఆ సైజు ఇత్తడి యూనియన్లు, టీలు ఉంచుతారు. ఈ సంగతి చాలామంది మెకానిక్‌లకే తెలియదు. ఫిట్టింగ్ మాత్రమే తీసుకోండి, గ్యాస్ నింపే రబ్బరు గొట్టం పెట్రోలుకు వద్దు. హైడ్రాలిక్ గొట్టాలు తయారుచేసే దుకాణాల్లో కూడా ఎన్‌పీటీని బీఎస్‌పీకి కలిపే స్టీలు అడాప్టర్ ఉంటుంది.

మూడోది, లేత్ మీద చేయించడం. బాలానగర్‌లో చిన్న లేత్ షాపులకు లోటు లేదు. షట్కోణపు ఇత్తడి కడ్డీ తీసుకెళ్లి, రెండు వైపులా 8 మి.మీ. కాడలు, మధ్యలో మీ గేజ్‌కు సరిపోయే మర అని కాగితం మీద గీసి ఇవ్వండి. కాడ చివర చిన్న గట్టు తప్పక ఉంచమనండి. నున్నటి కాడ మీద గొట్టం మూడు బార్ల ప్రెషర్‌కు జారిపోగలదు. ఎన్‌పీటీ ట్యాప్ (లోపలి మర కోసే పనిముట్టు) ఉందా అని పని మొదలుపెట్టే ముందే అడగండి. లేనిచోట బీఎస్‌పీ ట్యాపే దింపి ‘సరిపోతుంది’ అంటారు, మళ్లీ మొదటికే వస్తాం.

గోషామహల్‌లో పాత కార్ల సామాను మధ్య వెతికితే కంపెనీ తయారీ టీలూ, బ్యాంజో బోల్టులూ (లోపలి నుంచి పెట్రోలు పారే బోలు బోల్టులు) కనిపిస్తాయి. పాత ఇత్తడి, స్టీలు వస్తువైతే పర్వాలేదు. పాత గొట్టం, పాత వాషర్ మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనవద్దు.

వాడకూడనివి కూడా చెప్పాలి. గాలి పనులకు వాడే, నొక్కితే పట్టే ప్లాస్టిక్ ఫిట్టింగులు, వాటి నీలిరంగు గొట్టాలు పెట్రోలుకు పనికిరావు. నీళ్ల పైపుల జీఐ సామాను కూడా వద్దు, లోపలి జింకు పూత రాలి ఇంజెక్టర్ల దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

గొట్టం గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే ఫిట్టింగ్ మీద పెట్టిన శ్రద్ధ దీని మీద పెట్టరు. గొట్టం మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉండాలి. అది ఇంజెక్షన్ కార్ల కోసం చేసినది, 100 పీఎస్ఐ వరకు పనిచేస్తుంది. మామూలుగా ‘పెట్రోలు పైపు’ అని ఇచ్చేది ఆర్7, అది 50 పీఎస్ఐ కోసం. మీ కారు ప్రెషర్ 40 దాటుతుంది, ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ మొరాయిస్తే ఇంకా పైకి పోతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2005 నాటి కారులో రబ్బరు దాని కోసం చేసింది కాదు, కాబట్టి టీ వేసే నెపంతో ఆ పాత గొట్టం ముక్కను పూర్తిగా మార్చేయండి. పాత గొట్టాన్ని మధ్యకు కోసి టీ దూర్చడం చాలాచోట్ల చేస్తారు. ఇరవై ఏళ్ల రబ్బరును కోసి కొత్త లోహపు కాడ ఎక్కిస్తే ఆ కోత దగ్గరే చీలుతుంది. క్లిప్పులు కూడా అంచు మడిచిన ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లిప్పులు కొనండి. చీలికలున్న మామూలు హోస్ క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరును కోస్తుంది.

బిగుతు గురించి. ఎన్‌పీటీ లాంటి సన్నబడే మరలకు పెట్రోలును తట్టుకునే ద్రవ సీలెంట్ రాయండి, మొదటి రెండు మరలు వదిలేసి. టెఫ్లాన్‌ను పెట్రోలు ఏమీ చేయదు. భయం ఏమిటంటే దాని పీలికలు తెగి ఇంజెక్టర్ మొనలో ఇరుక్కోవడం. ఒక వ్యాగన్‌ఆర్ మూడో సిలిండర్ అందుకోవడం లేదని నా దగ్గరకు వచ్చింది. ప్లగ్గు, కాయిల్ మార్చినా ఫలితం లేకపోయింది. ఇంజెక్టర్ తీస్తే దాని జల్లెడలో తెల్లటి పీలిక. నెల క్రితం ఎవరో గేజ్ పెట్టి తీశారట. సమాంతరంగా ఉండే మరలకు, అంటే మెట్రిక్ బోల్టులకూ కొన్ని బీఎస్‌పీ గేజ్‌లకూ, మర దగ్గర సీలు ఉండదు. గేజ్ కాడ అడుగున రాగి వాషర్ కూర్చోవాలి. తీసిన ప్రతిసారీ వాషర్ కొత్తది వేయండి.

కొన్ని కార్లలో మీ కారులాగా రబ్బరు గొట్టం ఉండదు, ఫిల్టర్ మీదనో రెయిలు మీదనో బ్యాంజో బోల్టు ఉంటుంది. మీకు అవసరం లేకపోయినా ఇది చదివే ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. సుజుకి, హోండాల్లో తరచూ కనిపించేది ఎం12×1.25. దాని తలకు రంధ్రం వేసి 1/8 మర తీసి గేజ్ ఎక్కించడం పాత పద్ధతి, తప్పు కాదు. కానీ ఆ మర బోల్టు తలలోనే ఆగాలి. లెక్క చూడండి: ఎం12×1.25 బోల్టు మర అడుగున లోహం వ్యాసం సుమారు 10.5 మి.మీ. 1/8 మరకు వేసే రంధ్రం 8.5 నుంచి 8.8. ట్యాప్ తల దాటి కాడలోకి దిగితే మిగిలే గోడ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఒక కస్టమర్ అలా చేయించుకుని వచ్చారు, ఆరు వారాలు బాగానే నడిచింది. ఒక రోజు మెహదీపట్నం దగ్గర సిగ్నల్లో పెట్రోలు వాసన వచ్చి ఆపి చూస్తే కాడ మీద వెంట్రుకంత పగులు. మంట అంటుకోకపోవడం ఆయన అదృష్టం. అప్పటి నుంచి నేను కారు బోల్టుకు రంధ్రం వేయించను. పొడవైన తల ఉన్న కొత్త బోల్టును స్టీలు కడ్డీ నుంచి చేయిస్తాను, పాత బోల్టును భద్రంగా ఉంచుతాను.

నొక్కి తీసే ప్లాస్టిక్ కనెక్టర్లున్న కొత్త కార్లయితే ఆ కనెక్టర్‌కు సరిపోయే టెస్ట్ అడాప్టర్ కొనాలి. ఎక్కువగా 7.89 మి.మీ., కొన్నింటిలో 9.49 మి.మీ. సైజు ఉంటుంది. నైలాన్ పైపును కోసి రబ్బరు తొడగవద్దు. డీజిల్ కామన్ రెయిల్, నేరుగా సిలిండర్‌లోకి పిచికారీ చేసే పెట్రోలు కార్ల రెయిలు జోలికి అసలు వెళ్లకండి. అక్కడ ప్రెషర్ వందల బార్లు, డీజిల్‌లో వెయ్యి కూడా దాటుతుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ఇక డ్యాష్‌బోర్డు సంగతి. మీరు అడిగిన కారణం నాకు అర్థమైంది, ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు ముల్లు ఎక్కడుందో చూడాలి. అందుకు గేజ్‌ను టీ నుంచి మీటరున్నర ఆర్9 గొట్టంతో బయటికి తెచ్చి, బానెట్ వెనుక అంచు సందులోంచి ముందు అద్దం మీద, బయటి వైపు, వైపర్ కింద పెట్టి గట్టిగా టేపు వేయండి. గొట్టం నలగకుండా బానెట్ మూసి చూడండి. పక్క సీట్లో ఇంకొకరు కూర్చుని చదవాలి, నడిపేవారు కాదు. శాశ్వతంగా లోపలే చూడాలంటే విద్యుత్ సెండర్ (ప్రెషర్‌ను తీగ ద్వారా తెలిపే సెన్సార్) ఉన్న గేజ్ తీసుకోండి. అప్పుడు లోపలికి వచ్చేది తీగ మాత్రమే. ఒక జాగ్రత్త: ఒకే తీగ ఉండే సెండర్లు తమ ఒంటి ద్వారా ఎర్త్ తీసుకుంటాయి. మీ టీ రెండు రబ్బరు గొట్టాల మధ్య వేలాడుతుంది కాబట్టి దానికి ఎర్త్ ఉండదు, ముల్లు ఒక కొసకు పోయి నిలబడుతుంది. టీకి క్లిప్పు వేసి ఇంజన్‌కు వేరే తీగ కలపాలి. సెండర్ బరువు గొట్టం మీద పడకుండా బ్రాకెట్ కూడా వేయండి.

బానెట్ కిందే ఉంచే గేజ్‌లో గ్లిజరిన్ నింపి ఉంటే, వేడెక్కాక అది తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి. లోపలి ద్రవం వ్యాకోచించి డబ్బాలో ఒత్తిడి పెంచడమే కారణం. పైన చిన్న రబ్బరు మూత ఉంటే దాన్ని కాస్త తెరిచి మూస్తే ముల్లు మళ్లీ సరైన చోటికి వస్తుంది. ఈ సంగతి తెలియక మంచి పంపును మార్చేసినవాళ్లను చూశాను.

పని ఎక్కడ చేస్తారన్నది ఫిట్టింగ్‌కంటే ముఖ్యం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, కిందే పేరుకుంటుంది, పక్కన నీళ్ల మోటారు స్విచ్ వేస్తే చాలు. ఎండ ఎక్కకముందు, ఆరుబయట, ఇంజన్ రాత్రంతా చల్లారాక చేయండి. పంపు ఫ్యూజు తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి అదే ఆగిపోయేదాకా నడవనివ్వండి. పెట్రోలు మూత వదులు చేసి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, అప్పుడు క్లిప్పులు విప్పండి. అయినా కొంత పెట్రోలు కారుతుంది, కింద గుడ్డ వేయండి. పొడి రసాయనపు అగ్నిమాపక సిలిండర్ చేతికందే చోట ఉండాలి. అంతా బిగించాక ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ కాగితం తిప్పండి. తడి అంటితే విప్పి మళ్లీ చేయండి, ఇంకాస్త బిగించి సరిపెట్టవద్దు.

గేజ్ ఏం చెబుతుందో క్లుప్తంగా. ఆ కాలపు సుజుకి ఎంపీఎఫ్ఐ ఇంజన్లలో తాళం ఆన్ చేసి పంపు తిరిగినప్పుడు 2.7 నుంచి 3.1 బార్, అంటే 39 నుంచి 45 పీఎస్ఐ. ఐడిల్‌లో వ్యాక్యూమ్ లాగడం వల్ల 2.1 నుంచి 2.6. ఇంజన్ ఆపిన నిమిషం తరువాత కూడా 2 బార్లకు తగ్గకూడదు. ఫ్లైఓవర్ మీద ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ముల్లు పైకి, మూడు దగ్గరకు రావాలి. అక్కడ కిందికి జారితే ముందు ఫిల్టర్ మార్చి చూడండి, తరువాతే పంపు. ఆపగానే వేగంగా పడిపోతుంటే పంపులోని వాల్వో, రెగ్యులేటరో, ఇంజెక్టరో పట్టు వదులుతోంది.

ఉదయపు సమస్యకు మాత్రం గేజ్ కొనకముందే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. రేపు ఉదయం సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. అలా మూడుసార్లు చేసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఒక్క దెబ్బకు అందుకుంటే రాత్రంతా లైనులో ప్రెషర్ నిలవడం లేదన్నమాట. అప్పటికీ అందుకోకపోతే ప్లగ్గులు, వేడి సెన్సార్ వైపు చూడాలి. రెండు లక్షణాలకూ ఒకే కారణం ఉండాలని లేదు.

చూడవలసినవి చూశాక టీ తీసేసి, మధ్యలో అతుకు లేని కొత్త ఆర్9 ముక్కను కొత్త క్లిప్పులతో వేయండి. ఆ ముక్కను కొనే రోజే రెండు అడుగులు అదనంగా కోయించుకుంటే మళ్లీ రాణీగంజ్ వెళ్లే పని ఉండదు. వంద కిలోమీటర్లు తిరిగాక క్లిప్పులను మరోసారి చూసుకోండి, కొత్త రబ్బరు వేడికి కాస్త సర్దుకుంటుంది.